ఉలవ కట్టె మీద ఇంకొక్కసారి

ఆ కారులో కూర్చోవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు తలుపు పూర్తిగా తెరిచి, కారుకు వీపు పెట్టి నిలబడాలి. పీట మీద కూర్చున్నట్టు మెల్లగా కిందికి దిగాలి. అప్పుడు రెండు కాళ్లూ జతగా ఎత్తి లోపలికి తిప్పుకోవాలి. చీర కట్టుకున్న రోజు కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకోవాలి. పెళ్లయిన మొదటి వారానికే యమునకు ఈ విద్య వచ్చేసింది. అత్తగారు సావిత్రి మాత్రం ఒక్కసారి కూర్చుని, లేవడానికి ఇద్దరి చేతులు పట్టుకోవాల్సి వచ్చాక, "ఇది కారు కాదు బిడ్డా, బాయి. దిగుడు అల్కగనే ఉన్నది, ఎక్కుడే కష్టం" అని మళ్లీ దాని జోలికి పోలేదు.

పసుపు రంగు కారు. రెండే సీట్లు, పైన మడిచేసే గుడ్డ టాపు. హైదరాబాదులో ఒక డాక్టరు వాడి వాడి విసుగొచ్చి అమ్మితే సాయితేజ కొన్నాడు. వరంగల్ చౌరస్తా వెనక సందులో వాళ్ల స్టీలు సామాన్ల దుకాణం, పైన ఇల్లు. కారు కోసం కింది గోదాంలోని గిన్నెల పెట్టెలన్నీ మేడ మీదికి ఎక్కాయి. "నా సామానుకు ఎండ, వీని సామానుకు నీడ" అని మామగారు పాండురంగం గిరాకీల దగ్గర గొణిగేవాడు. కానీ కారు సందులోంచి బయటికి వచ్చేటప్పుడు, అటు ఇటు జానెడు జాగా కూడా మిగలని ఆ మలుపు దగ్గర, గల్లా పెట్టె వదిలి వచ్చి చేతులు ఊపుతూ దారి చూపేది కూడా ఆయనే.

ముందు కారు వచ్చింది, నెల తర్వాత యమున వచ్చింది. "దాని తర్వాతనే నువ్వు. సీనియారిటీ అన్నదొకటి ఉంటది గదా" అని తేజ ఏడిపించేవాడు. ఆమెకు కోపం వచ్చేది కాదు. ఇంజను వేడెక్కే వరకూ అతను స్టీరింగు మీద చేయి పెట్టి, తల కాస్త వంచి, పాలు పొంగే ముందు చప్పుడు వినే మనిషిలా వింటూ కూర్చునేవాడు. ఆ కాసేపు అతన్ని చూడటం యమునకు ఇష్టం. ఎనిమిదేళ్లు ఒక వస్తువు కోసం ఆగిన మనిషి తన కోసం కూడా అంత ఓపికగా ఉంటాడని ఆమె లెక్క.

మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగానికి అతను మోటారు సైకిల్ మీదే పోయేవాడు. కారు ఆదివారాలకే. దాని కడుపు నేలకు బెత్తెడు ఎత్తులో ఉండేది. స్పీడ్ బ్రేకరు వస్తే నేరుగా ఎక్కించడు, ఐమూలగా, ఒక్కో చక్రం ఒక్కోసారి ఎక్కించి దింపుతాడు. మరీ ఎత్తయినవాటి కోసం సీటు వెనక రెండు చెక్కపలకలు ఉండేవి. యమున దిగి, కొంగు దోపుకుని, ఆ పలకలు వేసి, కారు దాటాక మళ్లీ తీసుకుని పరుగెత్తుకొచ్చి ఎక్కేది. వెనక ఆగిన ఆటోవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

ఫిబ్రవరి రెండో ఆదివారం పొద్దున ఇద్దరూ హసన్‌పర్తి దాటి పోయారు. టాపు తీసేశారు. గాలికి యమున జడలోంచి వెంట్రుకలు లేచి నోట్లోకి వస్తున్నాయి. చెరువు దాటాక రోడ్డు తిన్నగా ఉంది, ఇరువైపులా పత్తి ఏరేసిన చేన్లు. ఒక ఊరి మొదట్లో సగం రోడ్డు మీద మట్టిరంగు జంపఖానా పరిచినట్టు ఏదో కనబడింది. రెండు కొసలా రాళ్లు పెట్టారు. చాట పట్టుకుని ఒక ముసలామె, కర్రతో ఎగదోస్తూ ఒక ముసలాయన. ఎదురుగా వచ్చిన బస్సు దాని మీద నుంచే పోయింది.

"అదేంది తేజా?"

"ఉలవలు. కాయలతోటి ఎండిన కట్టె తెచ్చి రోడ్డు మీద పరుస్తరు. బండ్లు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతది."

"మనం గూడ తొక్కుదాం."

"మనది కిందికున్నది యమునా."

"మెల్లగ పోనియ్. మనది బస్సుకేం తక్కువ."

అతను నవ్వి మెల్లగా పోనిచ్చాడు. ఎండిన కాయలు చక్రాల కింద పటపటమని పగిలాయి. చప్పుడు చెవికంటే ముందు అరికాళ్లకు తెలిసింది. కూర్చున్న సీటు కింద ఎవరో పేలాలు వేయిస్తున్నట్టు ఉంది. యమున చప్పట్లు కొట్టింది.

"ఇంకొక్కసారి."

అతను కొంత దూరం పోయి కారు తిప్పాడు. రెండోసారి అటు నుంచి ఇటు. "ఇంకొక్కసారి తేజా, ఇగ అడగ." మళ్లీ తిప్పాడు. మూడోసారి ముసలాయన రాళ్లు దాటి ముందుకు వచ్చాడు. భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి తల మీదుగా అటూ ఇటూ ఊపాడు. టాపు లేని కారులో యమున రెండు చేతులూ పైకెత్తి, గాజులు గలగలమనేలా అతనికి తిరిగి ఊపింది. తేజ రోడ్డు మీదే కళ్లు పెట్టుకుని ఉన్నాడు.

అక్కడి నుంచి వంద గజాలు పోయారో లేదో, ఉలవలు వేపుతున్న కమ్మటి వాసన వచ్చింది. "అబ్బ, ఎంత మంచిగ వస్తాంది" అంది యమున. తేజ ముఖం మారింది. కారు పక్కకు తీసి ఆపాడు. వంగి చూస్తే కడుపు కింద బారెడు పొడవున ఎండు కట్టె చుట్టుకుని ఉంది. అందులోంచి సన్నగా పొగ, పొగలోంచి చిన్న మంట. "దిగు దిగు" అన్నాడు.

దిగే పద్ధతి ఆమెకు వచ్చు. కానీ ఆ రోజు బెల్టు రాలేదు. చున్నీ కొస బెల్టు బిళ్లలో ఇరుక్కుంది. తేజ అటు నుంచి వచ్చి లాగుతున్నాడు. అంతలో ముసలామె ఉరికొచ్చి అతన్ని భుజంతో పక్కకు నెట్టింది. నడుములోని కొడవలి తీసి బెల్టును ఒక్క కోత కోసి, యమునను చంకల కింద చేతులేసి కోడిపిల్లను ఎత్తినట్టు బయటికి లాగింది. తలుపు కింది నుంచి లేచిన మంట ముసలామె ముంజేతిని తాకింది. యమున కాలి చెప్పు ఒకటి కారు పక్కనే ఊడిపోయింది.

ముసలాయన తాగడానికి తెచ్చుకున్న బిందె భుజాన పెట్టుకుని పరుగెత్తుకొచ్చి నీళ్లన్నీ కారు కింద కుమ్మరించాడు. ఒక్క బిందె. మంట చుయ్‌మని అణిగి మళ్లీ లేచింది. అప్పుడు అతను వెనక్కి తిరిగి చూశాడు. కారు నుంచి రాలిన కట్టె రోడ్డు పొడవునా దారంలా పడి ఉంది. నిప్పు ఆ దారం పట్టుకుని గాలివాటున ఉలవల దాకా పోయింది. పరిచినదీ, పక్కన కుప్ప వేసినదీ ఒకేసారి అంటుకున్నాయి. ఖాళీ బిందె చేతిలో పట్టుకుని అతను రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. అటు పోవాలో ఇటు పోవాలో కాళ్లకు తెలియనట్టు నిలబడ్డాడు.

మంటలార్పే బండి వచ్చేసరికి కారు నల్లటి డొక్క అయింది. వాళ్లు వచ్చీ రాగానే పైపు దాని మీదే పట్టారు.

*

సోమవారం ఇల్లు చావు జరిగిన ఇల్లులా ఉంది. దుకాణం ముందు కుర్చీలు వేశారు. బజారు వాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుని, చాయ్ తాగి, "పానాలు దక్కినయి, గదే పదివేలు" అని లేచిపోతున్నారు. సావిత్రి కొడుకుకూ కోడలికీ దిష్టి తీసి నిమ్మకాయలు నాలుగు దిక్కులా విసిరింది. "పసుపు రంగు వద్దురా, కండ్ల పడతదంటే విన్నవా" అని ఒకసారి అని, కొడుకు ముఖం చూసి నోరు మూసుకుంది.

ఆదివారాలు మడికొండ దగ్గర కలిసే కార్ల స్నేహితులు నలుగురూ వచ్చారు. అప్పటికే తమ ఫోన్ గ్రూపులో ఆ పసుపు కారు బొమ్మ పెట్టి, కింద నల్ల రిబ్బనూ, దీపం బొమ్మలూ పెట్టారు. అందరిలోకీ పెద్దవాడు రమాకాంత్ తేజ భుజం మీద చేయి వేసి కూర్చున్నాడు. అతని ఎర్ర కారు రెండేళ్లుగా ఒక చిన్న భాగం కోసం షెడ్డులోనే పడి ఉంది. అతనికి ఆ దుఃఖం తెలుసు.

"నా తోటి మొన్ననే అన్నవు గదరా, సైలెన్సర్ కొత్తది ఏయించిన, ఇప్పుడు పాట పాడినట్టున్నది అని."

తేజ తల ఊపాడు. అతని కుడిచేయి ప్యాంటు జేబులోనే ఉంది. కాసేపటికి యమునకు అర్థమైంది, జేబులో కారు తాళం ఉంది. దాని మీది మీట నొక్కుతున్నాడు. ఇదివరకు ఆ మీట నొక్కితే గోదాంలో రెండు దీపాలు కన్ను గీటినట్టు వెలిగేవి.

"కేసు పెట్టాలె" అన్నాడు రమాకాంత్. "రోడ్డు ఎవని జాగీరు? బీమా వాళ్లు గూడ గదే అడుగుతరు. తప్పు రోడ్డు మీద పోసినోనిదని కాయితం మీద ఉండాలె. లేకుంటే నువ్వే సూస్కోకుంట తొక్కినవని ఫైలు మూసేస్తరు."

"ఆపుమన్న మనిషినెవ్వన్నీ నేను చూడలేదన్నా" అన్నాడు తేజ. "చూస్తే ఆగకపోదునా."

యమున చాయ్ గ్లాసులు తీస్తోంది. అతను అబద్ధం ఆడటం లేదు. ఆ సమయంలో అతను రోడ్డునే చూస్తున్నాడు. ఆ మాట నిజమైనదే అయినా ఆమె చేతిలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. ఎందుకో అప్పటికి తెలియలేదు.

పొద్దుటి నుంచి వచ్చిన వాళ్లలో ఒక్కరు కూడా ఉలవల సంగతి అడగలేదని ఆమెకు సాయంత్రం తట్టింది. తను కూడా అడగలేదు.

*

మంగళవారం మధ్యాహ్నం దుకాణం మెట్ల దగ్గర ఒక ముసలామె నిలబడి లోపలికి చూస్తోంది. పాండురంగం బేరానికి వచ్చిందనుకుని, "ఏం గావాలె? బిందెనా?" అన్నాడు.

"గిన్నెలకు కాదు పటేలా. పసుపు కారు పిల్ల ఇల్లు గిదేనా?"

యమున మెట్లు దిగి వచ్చింది. ముసలామె కుడి ముంజేతికి మోచేయి దాకా తెల్ల గుడ్డ చుట్టి ఉంది. ఎడమ చేతిలో పేపరులో చుట్టిన పొట్లం. విప్పితే యమున చెప్పు. మసి పోయేలా కడిగి, నూనె గుడ్డతో తుడిచినట్టుంది.

"ఒక్క కాలిది ఉంచుకొని నేనేం జేస్త బిడ్డా. కొత్తదున్నదని తెచ్చిన."

"నువ్వెట్ల వచ్చినవ్ అవ్వా? ఇల్లెట్ల దొరికింది?"

"పసుపు కారు కాలింది గదా అంటె అందరు జెప్పిండ్రు. మస్తు పేరున్నది మీ కారుకు."

పాండురంగం ఏమనుకున్నాడో, ఒక స్టూలు ముందుకు జరిపాడు. ఆమె కూర్చోలేదు, మెట్టు మీద కూలబడింది. సావిత్రి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. పేరు అడిగితే కట్టమ్మ అంది. పెనిమిటి పోశయ్య. ఠాణా నుంచి కబురు వచ్చిందట, రేపు రమ్మని.

"మా ఊరి పెద్దమనిషి కిషన్ రావు సారు ఉన్నడు. గాయిన ఠాణాల మాట్లాడిండట. తప్పయిందని కాయితం రాసియ్యి పోశయ్యా, జుల్మాన కట్టి ఇంటికి రావచ్చు, లేకుంటె కోర్టు సుట్టు తిరుగుతవ్ అన్నడట. రాసిస్తం. మేం పోసినం, నిజమే గదా. కని గా కాయితం రాసిస్తె పంట కాలిందని మేం ఎవ్వలనూ అడగరాదట. రెండెకరాల ఉలువలు బిడ్డా."

"ఇప్పుడు మా వాన్ని ఏం జెయ్యమంటవమ్మా" అన్నాడు పాండురంగం. గొంతులో కరకు లేదు. "వాని కష్టం గూడ మసయిపాయె."

"మీరు ఏం జెయ్యొద్దు పటేలా. మీ కేసు కాయితంల ఒక్క మాట తియ్యుండ్రి. జెప్పకుంట పోసినం, ఆపలేదు అని రాసిండ్రట. మా ఆయన రెండు దినాల సంది తిండి తింటలేడు. నేను ఆపలేదా అంటడు. నేను ఊపలేదా అంటడు."

కట్టమ్మ యమున వైపు తిరిగింది. ఆమె కళ్లలో నింద ఏమీ లేదు. మరిచిపోయిన పనిని గుర్తు చేస్తున్నట్టు అంది.

"మొదటిసారి పోయిండ్రు, ఏం గాలేదు. రెండోసారి పోతాంటె కింద కట్టె ఏలాడుడు సూసిండు. మూడోసారి అందుకే ఉరికిండు. తువ్వాల ఊపిండు. నువ్వు సూసినవ్ గద బిడ్డా. నువ్వు గూడ చెయ్యి ఊపినవ్."

యమున చెప్పును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. తల మీదుగా అటూ ఇటూ ఊగిన ఎర్ర తువ్వాలు మళ్లీ కనబడింది. ఈసారి దాని వెనక ఉన్న ముఖం కూడా కనబడింది. నోరు తెరిచి ఉంది. అతను అరుస్తున్నాడు. ఇంజను చప్పుడులో తనకు వినిపించలేదు.

"చేతికి మందు రాసినవా అవ్వా?" అని మాత్రం అడగగలిగింది.

"దవాఖానల కట్టు కట్టిండ్రు. తగ్గుతది."

వెళ్లేటప్పుడు సావిత్రి ఒక కొత్త టిఫిను డబ్బా ఆమె చేతిలో పెట్టబోయింది. కట్టమ్మ తీసుకోలేదు. "బేరం లెక్కయితది అమ్మా" అంది.

*

బుధవారం పొద్దున తేజ గోదాంలో ఉన్నాడు. కారుకు కప్పే బూడిదరంగు గుడ్డను మడత పెడుతున్నాడు. ఒక్కడే మడత పెట్టలేనంత పెద్దది. యమున వెళ్లి రెండో కొస అందుకుంది. దగ్గరికి వచ్చి, దూరం జరిగి, మళ్లీ దగ్గరికి వచ్చి, పెళ్లయిన కొత్తలో దుప్పట్లు మడిచినట్టే మడిచారు. అప్పుడైతే కొసలు కలిసిన ప్రతిసారీ ఏదో ఒక అల్లరి ఉండేది.

"తేజా, ఆయన తువ్వాల ఊపిండు. నేను చూసిన."

అతని చేతులు ఆగాయి.

"దండం పెట్టినట్టు అనుకున్న. మనం మంచిగ తొక్కుతున్నమని సంతోషంగ ఊపిండనుకున్న. నేను గూడ ఊపిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పేదేమున్నదనుకున్న. ఊరోళ్లు ఊపుతనే ఉంటరు గదా మన కారును చూసి."

అది నిజం. ఎక్కడికి పోయినా పిల్లలు, పొలాల్లో ఆడవాళ్లు, లారీల మీది కూలీలు చేతులు ఊపేవాళ్లు. ప్రతి ఒక్కరికీ తిరిగి ఊపడం ఆమె పని. అతనికి స్టీరింగు, ఆమెకు చేతులు. అలా పంచుకున్నారు.

తేజ మడత పెట్టిన గుడ్డ మీద కూర్చున్నాడు. నేల మీద కారు ఉన్న చోట, ఇంజను కిందికి వచ్చే చోట, నాలుగైదు నూనె చుక్కల మరకలు ఉన్నాయి. వాటినే చూస్తూ అన్నాడు.

"ఇంటర్ల ఉన్నప్పుడు పుస్తకంల బొమ్మ చూసి కత్తిరిచి పెట్టుకున్న యమునా. బాపు తిట్టిండు, గిన్నెలమ్ముకునెటోని కొడుకుకు గిదెందుకని. మూడు నెలలు. మూడు నెలలే ఉన్నది నా దగ్గర." ఒక మరకను కాలితో రుద్దాడు. "బీమా వస్తే ఇంకోటి కాకున్నా, ఏదన్నా వస్తది. రాకుంటే ఏం లేదు. నాతోటి అన్నవు, అయిపోయింది. ఇంకెవ్వరితోటి అనకు."

"ఆయన పంట..."

"నేను ఆయన్ను జైల్ల పెట్టుమంటలేను గదా. రాజీ అయితాంది. పెద్దమనుషులు చూసుకుంటరు."

అతను మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. యమున పక్కన కూర్చుని అతని వీపు నిమిరింది. అతను ఏడవడం ఆమె మొదటిసారి చూసింది. తను అడిగిన "ఇంకొక్కసారి" అన్న మాట అతను ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. ఎత్తకుండా దాచుకున్నాడు కాబట్టే ఆమెకు ఇప్పుడు నోరు విప్పడం అంత కష్టమైంది.

*

ఠాణాలో ఒకే ఫ్యాను తిరుగుతోంది. ఎస్సై శ్యాంసుందర్ మర్యాదగానే యమునకు కుర్చీ వేయించాడు. తేజ ఆమె కుర్చీ వెనక నిలబడి, దాని వెనక కమ్మీ మీద చేయి ఆనించాడు. అతని వేళ్లు ఆమె భుజానికి తగులుతున్నాయి. గోడ దగ్గర బెంచీ మీద తెల్లబట్టల కిషన్ రావు, పక్కన చెరువు గట్టు మీద కొంగల్లా ముడుచుకుని పోశయ్య, కట్టమ్మ నేల మీద కూర్చున్నారు. పోశయ్య భుజం మీద అదే ఎర్ర తువ్వాలు. ఒక కొస నిప్పుకు కాలి గట్టిపడింది.

కానిస్టేబులు కాయితం చదివాడు. తేదీ, సమయం, కారు నంబరు, రోడ్డు మీద పంట. "ఎటువంటి హెచ్చరిక చేయకుండా, వాహనాన్ని ఆపే ప్రయత్నం చేయకుండా" అన్న చోట గొంతు ఎత్తకుండా, దించకుండా చదువుకుంటూ పోయాడు. తర్వాత పోశయ్య ఒప్పుకోలు కాయితం చదివాడు. అదీ అలాంటిదే.

"మేడం, మీరు ఈడ సాక్షి సంతకం పెట్టాలె" అని కలం ఇచ్చాడు.

యమున కలం అందుకుంది. మూత తీసింది. కాయితం మీద తన పేరు ముందే రాసి ఉంది, ఇంటిపేరు కొత్తది. ఆ ఇంటిపేరుతో ఎక్కడా సంతకం చేసి ఎరగదు. మొదటిసారి ఎక్కడ చేస్తుందో అని పెళ్లిలో స్నేహితురాళ్లు పందెం వేసుకున్నారు.

"ఇది తప్పు రాసిండ్రు సార్" అంది.

"ఏది?"

"ఆయన ఆపిండు. తువ్వాల ఊపిండు. నేను చూసిన." కలం బల్ల మీద పెట్టి, కుడిచేయి తల మీదికి ఎత్తి అటూ ఇటూ ఊపి చూపించింది. గాజులు చప్పుడయ్యాయి. "ఇట్ల. మేం మూడుసార్లు తొక్కినం. ఇంకొక్కసారి అని నేనే అన్న."

కిషన్ రావు దగ్గాడు. "చిన్నపిల్ల, భయపడ్డది" అన్నాడు ఎవరికీ కాకుండా.

ఆ క్షణంలోనే తేజ కుర్చీ మీది చేయి తీసేశాడు. విసురుగా తీయలేదు. తీసి, ఒక అడుగు వెనక్కి వేసి, గోడకు ఆనుకున్నాడు. భుజానికి తగులుతున్న వేళ్ల వెచ్చదనం పోయిన చోట ఫ్యాను గాలి తగిలింది. యమున తల తిప్పలేదు. కానీ ఎదురుగా కూర్చున్న పోశయ్య ఆ చేయి పోవడం చూశాడు. ఆ చేతినీ, గోడ దగ్గరి ముఖాన్నీ, ఆమె కాలి కొత్త మెట్టెలనూ, ఆమె చిన్న వయసునూ వరసగా చూశాడు.

ఎస్సై అతని వైపు తిరిగాడు. "ఏందయ్యా, ఊపినవా? ఊపితే ఊపినన్నట్టు రాస్తం. చెప్పు."

మూడు రోజులుగా ఆ ఒక్క మాట కోసమే తిండి మానేసిన మనిషి. కట్టమ్మ మోకాళ్ల మీద లేచి అతని ముఖంలోకి చూస్తోంది. పోశయ్య తువ్వాలు భుజం మీంచి తీశాడు. కాలిన కొసను వేళ్ల మధ్య నలిపాడు.

"లేదు సారు" అన్నాడు. "చెమట తుడుసుకున్న."

"తాతా" అంది యమున.

"చెమట తుడుసుకున్న బిడ్డా. దులిపిన. నువ్వు దూరమున్నవ్, ఊపిననుకున్నవ్. మనసు మంచిదయితె గట్లనే అనిపిస్తది."

"తుడుచుకున్నోడివి అరిచినవెందుకు? నీ నోరు తెరిచే ఉన్నది, నేను చూసిన."

"దప్పికకు" అన్నాడు.

కట్టమ్మ ఏదో అనబోయి, భర్త చేయి తన కట్టు మీద పడటం చూసి, ముఖం గోడ వైపు తిప్పుకుంది.

ఎస్సై ఇద్దరినీ చూసి నిట్టూర్చాడు. "ఆయనే కాదంటాండు మేడం. మీరు పరేషాన్‌ల ఉండిండ్రు. ఎన్నిసార్లు తొక్కిండ్రన్నది గాదు ముచ్చట, రోడ్డు మీద ఎందుకు పోసిండన్నది ముచ్చట. మీకు ఇష్టం లేకుంటే సంతకం పెట్టకుండ్రి. అది లేకున్నా నడుస్తది."

కానిస్టేబులు ఇంకు డబ్బా తెరిచాడు. పోశయ్య లేచి వచ్చి బొటనవేలు చాపాడు. ఆ వేలు పగుళ్లలో ఆదివారం నాటి మసి ఇంకా ఉంది. ముద్ర సరిగా పడలేదు. తువ్వాలుతో తుడుచుకుని రెండోసారి వేశాడు.

*

బయట ఎండ చిటపటలాడుతోంది. తేజ తండ్రి స్కూటరు తీయడానికి చెట్టు కిందికి పోయాడు. పోశయ్య, కట్టమ్మ రోడ్డు పక్కన ఊరి దిక్కుకు పోయే ఆటో కోసం నిలబడ్డారు. యమున వాళ్ల దగ్గరికి నడిచింది. కాళ్లకు ఆ చెప్పులే.

"ఎందుకట్ల చెప్పినవ్ తాతా? ఒక్క మాట. నేను చెప్పిన గదా. ఒక్క అవును అంటే అయిపోతుండె."

పోశయ్య రోడ్డు దిక్కే చూస్తున్నాడు.

"ఉలువలదేమున్నది బిడ్డా" అన్నాడు. "వచ్చే ఏడు కార్తికి మల్ల ఏస్తం."

కట్టమ్మ మంచి చేత్తో యమున చెంప మీది వెంట్రుకలు చెవి వెనక్కి తోసింది. "పో బిడ్డా. పిలగాడు ఎండల నిలవడ్డడు."

స్కూటరు శబ్దం చేస్తూ ఆగి ఉంది. ఎక్కడానికి ఏ పద్ధతీ అవసరం లేదు. యమున వెనక కూర్చుంది. ఎప్పుడూ అయితే ఎక్కగానే చేయి అతని భుజం మీద వేసేది. ఇప్పుడు ఆ చేయి కాసేపు గాలిలో ఆగి, సీటు వెనక ఉన్న ఇనుప కమ్మీని పట్టుకుంది. అతను చూశాడో, చూడలేదో. అద్దంలో అతని కళ్లు ఆమెకు అందలేదు. జేబులో తాళం ఉబ్బెత్తుగా కనబడుతోంది.

"పోదామా?" అన్నాడు.

"ఊఁ."

మలుపు దగ్గర స్పీడ్ బ్రేకరు వచ్చింది. అలవాటు కొద్దీ తేజ స్కూటరును ఐమూలగా ఎక్కించాడు. అవసరం లేకపోయినా ఒక్కో చక్రం ఒక్కోసారి, జాగ్రత్తగా. ఆ కుదుపులో యమున వెనక్కి తిరిగి చూసింది.

దూరంగా ఆటో ఒకటి దుమ్ము లేపుకుంటూ వేగంగా వస్తోంది. పోశయ్య రెండడుగులు ముందుకు వేశాడు. భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి, తల మీదుగా అటూ ఇటూ ఊపాడు.

ఆటో ఆగింది.